ఇంత సంచిలో చిన్న చాకు లేదా?

నా హ్యాండ్‌బ్యాగుని మా వారు ‘కిరాణా కొట్టు’ అంటారు. అనరూ మరి! కుంకుమ భరిణె, దువ్వెన, తలనొప్పి మాత్రలు, బామ్ సీసా, నాలుగు సైజుల పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, మడత పెట్టిన ప్లాస్టిక్ కవర్లు, ఎందుకైనా మంచిదని నాలుగు పిప్పరమెంటు బిళ్లలు, ఆధార్ కార్డు జిరాక్సు, ఎప్పటిదో కరెంటు బిల్లు. ఏ పెళ్లికెళ్లినా, ఏ యాత్రకెళ్లినా ఎవరి చెప్పు తెగినా, ఎవరి కుచ్చిళ్లు జారినా, ఎవరి పిల్లాడికి కడుపునొప్పొచ్చినా అందరూ నా వైపే చూస్తారు. నిజం చెప్పొద్దూ, ఆ సంగతి నాకు కాస్త గర్వంగానే ఉండేది. ఆ గర్వాన్ని రోడ్డు పక్కన జామకాయలమ్ముకునే ఒకావిడ ఒక్క మాటతో దింపేసింది.

2021 కార్తీకమాసం. తెనాలి నుంచి మంగళగిరి పానకాలస్వామి దర్శనానికి రెండు బళ్ల మీద బయల్దేరాం. ముందు బండి మీద మా ఆడపడుచు, వాళ్లాయన. వెనక స్కూటరు మీద మా వారు, నేను. దుగ్గిరాల దాటి కొంతదూరం వెళ్లామో లేదో, ముందు బండి ఒక్క ఊపున వంకరపోయి ఆగింది. మా ఆడపడుచు వెనక్కి విరుచుకుని ఉంది. కేక కూడా వేయడం లేదు. ముందు నాకేమీ అర్థం కాలేదు. దగ్గరికెళ్లి చూస్తే ఏముంది! మెడచుట్టూ వేసుకున్న నైలాన్ చున్నీ వెనక చక్రంలో పడి చుట్టుకుపోయింది. మెడ దగ్గర తాడులా బిగిసిపోయింది. కళ్లు పైకి తేలేస్తోంది.

మా మరిది, అంటే ఆ అమ్మాయి భర్త, చున్నీని లాగుతాడు. మా వారు చక్రం తిప్పబోతారు. నేను ముడి విప్పబోతాను. విప్పడానికి అక్కడ ముడంటూ ఉంటేగా! సంచి మొత్తం రోడ్డు మీద దిమ్మరించాను. పిన్నీసులు, దువ్వెన, మాత్రలు అన్నీ దొర్లాయి. కోసేది ఒక్కటీ లేదు. ఆఖరికి పళ్లతో కొరికాను. నైలాను పళ్లకి తెగుతుందా?

రోడ్డవతల జామకాయల బుట్ట పెట్టుకుని కూర్చున్న ఆవిడ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పరిగెత్తుకొచ్చిందో తెలియదు. చేతిలో చిన్న మడత చాకు. జామకాయని నాలుగు చీలికలు చేసి ఉప్పూకారం పెట్టే చాకది. మెడ దగ్గరికి పోలేదు. వీపు వెనకాల, భుజానికీ చక్రానికీ మధ్య చున్నీ బిగుసుకుని ఉన్నచోట, పదునువైపు బయటికి పెట్టి ఒక్కసారి లాగింది. టప్పున తెగింది. మా ఆడపడుచు నా ఒళ్లో పడిపోయి దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆసుపత్రికి తీసుకెళ్లాం. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. మెడచుట్టూ ఎర్రటి చార చాలా రోజులుంది. గొంతు నెల్లాళ్లు బొంగురుగానే ఉంది. అయితే నన్ను వదలనిది మాత్రం, ఆసుపత్రికి బయల్దేరేముందు రోడ్డు మీద నా వస్తువులు ఏరిస్తూ ఆవిడ అన్న మాట.

“ఏమ్మా, ఇంత సంచేసుకుని తిరుగుతా ఉండావు, ఇందులో చిన్న చాకు లేదా?”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున కాఫీలప్పుడు “నేనొక మడత చాకు కొనుక్కుంటాను, సంచిలో పెట్టుకోడానికి” అన్నాను. మా వారు పేపరు దించి “ఎవర్ని పొడవడానికే?” అన్నారు. అత్తయ్యగారైతే ముక్కు మీద వేలేసుకున్నారు. “ఆడదాని సంచిలో కత్తా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?” అన్నారు.

నేనూరుకుంటానా? “నేను బాలింతగా ఉన్నప్పుడు నా తలగడ కింద చాకు పెట్టింది మీరే కదత్తయ్యా!” అన్నాను. ఆవిడ నవ్వేశారు. “అది వేరే సంగతి లేవే” అన్నారు గానీ, తర్వాత అడ్డు చెప్పలేదు.

ఆలోచించి చూడండి. కత్తి ఆడవాళ్లకి కొత్తదా? మా మామ్మ బొడ్లో వక్కల సంచి, ఆ సంచిలో అడకత్తెర ఎప్పుడూ ఉండేవి. అడకత్తెర మాత్రం ఏమిటి, మడిచి సంచిలో పెట్టుకునే కత్తే కదా! ఇంట్లో రోజుకి రెండు పూటలా కత్తిపీట ముందు కూర్చునేది మనమే. కాకపోతే కత్తిపీట దగ్గర కత్తి కదలదు, మన చెయ్యి కదులుతుంది. చాకు విషయంలో కత్తే కదులుతుంది. అదీ తేడా. గుమ్మడికాయ మాత్రం ఆడవాళ్లు కొట్టకూడదంటారు. ఒక్క దెబ్బ మగవాళ్లచేత వేయించి, మిగతా ముక్కలన్నీ మనచేతే కోయిస్తారు!

సరే, కొందామనుకున్నాక తెలిసింది, ఇదీ చీర కొన్నంత పనేనని. ఒకదాన్ని మించి ఒకటి. చివరికి నా దగ్గర నాలుగు చేరాయి. ఒక్కొక్కటి వారం రోజుల చొప్పున సంచిలో వేసుకు తిరిగాను. మా అమ్మాయి కేకుల కోసం కొన్న ఎలక్ట్రానిక్ కాటా మీద తూచాను. మామిడికాయ దగ్గర్నుంచి కొరియరు పెట్టె దాకా అన్నీ కోసి చూశాను. చదివింది ఇంటర్ బైపీసీ కదా, ప్రాక్టికల్సు బాగానే గుర్తున్నాయి.

మొదటిది మా నాన్నది. కొమ్ము పిడి, నా చూపుడువేలంత బ్లేడు. తోటలో చెట్టు కింద కూర్చుని మామిడిపండు తొక్క ఎక్కడా తెగకుండా ఒకే రిబ్బనులా తీసేవారు. మా పెన్సిళ్లు చెక్కేదీ దాంతోనే. ఆయన పోయాక నేనడిగి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. 62 గ్రాములు తూగింది. పాతకాలపు ఇనుము కాబట్టి పదును పెట్టడం సులువు. కానీ నిమ్మకాయ కోసి తుడవకుండా పెడితే తెల్లారేసరికి నల్లబడుతుంది. తడి తగిలితే తుప్పు. ఇంకో సంగతి, దానికి లాకు లేదు. వెనకున్న స్ప్రింగు బిగువు మీదే బ్లేడు నిలబడుతుంది. కోయడానికి ఫరవాలేదు. మొనతో దేన్నయినా పొడిచామా, బ్లేడు ఠక్కున మన వేళ్ల మీదికే మడత పడుతుంది.

రెండోది మా పెద్దమ్మ మనవడు అమెరికా నుంచి తెచ్చిచ్చిన ఎర్రటి స్విస్ చాకు. విక్టోరినాక్స్ వాళ్ల క్లాసిక్ అనే రకం. మడిస్తే 58 మిల్లీమీటర్లు, అంటే మన చిటికెనవేలంత. తూకం 22 గ్రాములు. తాళాల గుత్తికి తగిలించుకుంటే ఉన్నట్టే తెలియదు. అందులో అంగుళంన్నర బ్లేడు, బుల్లి కత్తెర, గోళ్లు అరగదీసుకునే ఆకురాయి, ముల్లు తీసే పట్టకారు, పళ్లు కుట్టుకునే పుల్ల. ఈ కంపెనీ పేరు వెనక కథ నాకు భలే నచ్చింది. కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో స్విట్జర్లాండులోని ఇబాక్ అనే ఊళ్లో కత్తులు చేసే పని మొదలుపెట్టాడు. 1909లో వాళ్లమ్మ పోతే ఆవిడ పేరే, విక్టోరియా అని, తన సరుకుకి పెట్టుకున్నాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కు వాడకంలోకి వచ్చాక దాన్ని సూచించే ‘ఇనాక్స్’ అనే మాట కూడా చేరి విక్టోరినాక్స్ అయింది. ప్రపంచంలో సగంమంది జేబుల్లో తిరిగే కత్తి మీద ఒక తల్లి పేరుందన్నమాట!

మూడోది మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించిన చెక్కపిడి చాకు. ఒపినెల్ అని ఫ్రాన్సువాళ్లది. సవాయ్ అనే కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో రైతుల కోసం చేసింది. చెప్పుల్లాగే వీటికీ సైజు నెంబర్లుంటాయి. నాది 6వ నెంబరు, బ్లేడు 7 సెంటీమీటర్లు. చూడ్డానికి చేయెత్తు మనిషిలా ఉన్నా, పిడి చెక్కది కావడంతో 30 గ్రాముల దగ్గరే తూగింది. దీని మెడ దగ్గర ఒక లోహపు రింగుంటుంది. 1955లో చేర్చారట. బ్లేడు తెరిచి రింగు తిప్పితే బిగుసుకుపోతుంది, ఇక వేళ్ల మీద పడదు. ఇప్పుడొచ్చేవాటికి మూసి కూడా బిగించుకోవచ్చు. సంచిలో వేసుకునేవాళ్లకి ఇది పెద్ద సుగుణం. ఎంతైనా చెక్క చెక్కే కాబట్టి నీళ్లలో నానబెడితే ఉబ్బి బ్లేడు పట్టేస్తుంది. అందుకని తడిగుడ్డతో తుడవాలే తప్ప గిన్నెలతోపాటు తొట్లో వేయకూడదు. ఎప్పుడైనా బ్లేడు రాకపోతే పిడి చివరని గట్టిచోట ఠకఠకా తడితే కాస్త బయటికొస్తుంది.

నాలుగోది ఎగ్జిబిషనులో ముచ్చటపడి కొన్నది. నల్లగా, బరువుగా, సినిమాలో విలను చేతిలో ఉండేలాంటిది. బొటనవేలితో నెడితే చాలు, ఒంటిచేత్తో తెరుచుకుంటుంది. 118 గ్రాములు! అసలే మెడనొప్పి మనిషిని. వారం తిరిగేసరికి భుజం పట్టేసింది. దానికీ లాకుంది. అయితే మూసేటప్పుడు లోపలున్న చిన్న రేకుని బొటనవేలితో పక్కకి నొక్కాలి. అంటే బ్లేడు వచ్చే దారిలోనే మన వేలుంటుందన్నమాట. నాలుగోనాడు పాలు పొంగుతున్నాయని కంగారుగా మూయబోయాను. వేలికి రెండు కుట్లు పడ్డాయి. “చెప్పానా!” అన్నారు మా వారు. ఆ మాట అనడానికే ఎదురుచూస్తున్నట్టు.

అసలు పరీక్ష చున్నీ పరీక్ష. పాత నైలాన్ చున్నీ ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస పట్టుకు లాగమని మా వారిని నిలబెట్టాను. వదులుగా పట్టుకున్నప్పుడు ఏ చాకుతోనూ సరిగ్గా తెగలేదు, బట్ట జారిపోయింది. గట్టిగా లాగి పట్టుకున్నప్పుడు సంగతి వేరు. చెక్కపిడి చాకు రెండు లాగుళ్లలో కోసేసింది. నాన్న చాకు, ముందురోజే నూరి పెట్టాను కాబట్టి, మూడింట్లో కోసింది. చిన్న ఎర్రది కోసింది గానీ అయిదారుసార్లు లాగాల్సొచ్చింది. బ్లేడు పొట్టి, పిడి చిటికెడు, చెయ్యి వణికితే పట్టు దొరకదు. దాని కత్తెర దారాలకీ గోళ్లకీ గానీ, మడతలు పడి తాడయిన బట్టకి కాదు. నల్ల విలను మాత్రం బట్టని పీకింది, చింపింది, కోయలేదు. ఎందుకంటే దాని బ్లేడు మందం. గొడ్డలి ఎంత బరువున్నా ఉల్లిపాయ కోస్తుందా? కోసేది బరువు కాదు, పల్చదనం. జామకాయల ఆవిడ చాకు ఒక్క లాగుతో ఎందుకు తెగిందో అప్పుడర్థమైంది. ఆవిడ చాకు పల్చన, బట్ట బిగువున ఉంది, ఆవిడ చెయ్యి వణకలేదు.

మిగతా పనుల సంగతి కూడా చెబుతాను. రైల్లో బంగినపల్లి ముక్కలు కోయడానికి చెక్కపిడిదే హాయి, పండు నలగదు. కొరియరు పెట్టె టేపుకీ, పాలప్యాకెట్టుకీ, మందుల షీటుకీ, రవికె కొస దారానికీ చిన్న ఎర్రదే చేతికి ముందొస్తుంది. జామకాయ, దోసకాయ దానికి లొంగవు, సగందాకా వెళ్లి ఆగిపోతుంది. తెరవడంలో నల్లదానిదే పైచేయి, ఆ మాట ఒప్పుకోవాలి. మిగతా మూడింటినీ బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి లాగాలి. అంట్లు తోమి గోళ్లరిగిన చేతులకి చిన్న ఎర్రది కష్టమే. కొనేముందు మీ గోటితో ఒకటికి పదిసార్లు తెరిచి చూసుకోండి. చీరైతే భుజాన వేసుకు చూడకుండా కొంటామా?

ఇనుముదా, స్టీలుదా అని అడుగుతారేమో. ఉక్కులో క్రోమియం 10.5 శాతానికి పైగా కలిస్తే తుప్పు అంత సులువుగా పట్టదు, దాన్నే స్టెయిన్‌లెస్ అంటాం. ఒపినెల్ రెండు రకాల్లోనూ దొరుకుతుంది. మామిడి, చింత, నిమ్మ లేకుండా మనకి పూట గడవదు, పైగా కోస్తా ఉక్క. కాబట్టి సంచిలోకి స్టెయిన్‌లెస్సే మేలు. పదును తగ్గితే సానవాడి కోసం ఎదురుచూడక్కర్లేదు. పింగాణీ కప్పు బోర్లిస్తే అడుగున నునుపు లేకుండా గరుకుగా ఒక అంచుంటుంది. దాని మీద బ్లేడుని కాస్త ఏటవాలుగా, రెండు పక్కలా సమంగా, మెల్లగా ఓ పదేసిసార్లు లాగండి, చాలు. పండు కోశాక వెంటనే తుడవాలి. మడిచే కీలులో రసం ఎండిపోతే చీమలు పడతాయి, బిగిసిపోతుంది కూడా. నెలకోసారి కీలు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, పైకొచ్చింది శుభ్రంగా తుడిచేయండి.

కొందరు “పోలీసులు పట్టుకోరూ?” అని భయపెట్టారు. మన ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు అడిగేది 9 అంగుళాల కన్నా పొడవు గానీ, 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న బ్లేడులకి. ఇంటిపనికీ, పొలంపనికీ చేసినవి అందులోంచి మినహాయింపు. మన చాకు మూడంగుళాలు కూడా లేదు. అలాగని మీట నొక్కగానే బయటికి దూకే చాకుల జోలికి మాత్రం పోకండి, అవి చూస్తేనే అనుమానాలొస్తాయి. విమానం ఎక్కేటప్పుడు చాకుని చేతిసంచిలో ఉంచకూడదు, లగేజీలో వేసే పెట్టెలో సర్దేయాలి. లేకపోతే తనిఖీలో తీసేసుకుంటారు. మెట్రోరైలు, పెద్ద షాపింగు మాళ్లు, కొన్ని గుళ్ల దగ్గర కూడా తనిఖీలుంటాయి. అలాంటి చోటికి వెళ్లేరోజు ఇంట్లోనే పెట్టి వెళ్లండి. చిన్నపిల్లలున్న ఇళ్లలో సంచిని అందనంత ఎత్తున తగిలించడం మరచిపోకండి.

ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ఇది ఆత్మరక్షణ కోసం కాదు. మా పక్కింటావిడ నా చాకు చూసి “మంచిపని చేశావమ్మా, ఎవడైనా మీదికొస్తే చూపించొచ్చు” అంది. నేను తల అడ్డంగా తిప్పాను. మూడంగుళాల చాకు తీసి, గాడిలో గోరు పెట్టి, తెరిచి, రింగు తిప్పేసరికి వచ్చినవాడు ఊరుకుంటాడా? పైగా మన చేతిలోది లాక్కుంటే మనకే ముప్పు. అలాంటప్పుడు అరవడం, పరిగెత్తడం, 112కి ఫోను చేయడం, ఇవే మేలు. చాకు మనిషి మీదికి కాదు. ముడి మీదికి, తాడు మీదికి, పండు మీదికి.

అసలు ముడి పడకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలు. బండి వెనక కూర్చునేటప్పుడు పమిట కొంగు ముందుకి తెచ్చి దోపుకోవాలి. చున్నీని మెడచుట్టూ వేసుకోకుండా నడుముకి కట్టుకోవాలి. వెనక చక్రానికి పక్కనుండే జాలీ, మనం శారీగార్డు అంటామే, దాన్ని అందం కోసం తీసేయిస్తున్నారు కుర్రాళ్లు. మా మరిదీ అదే చేశాడు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండి తీరాలి. ఆ నియమం మన కోసం పెట్టిందే. బండి కొనేటప్పుడు మగవాళ్లు మైలేజీ అడుగుతారు, మనం జాలీ అడుగుదాం. అయినా చిక్కుకుందంటే ముందు ఇంజను ఆపాలి. చక్రాన్ని ముందుకి అసలు తిప్పకూడదు. బట్ట ఎక్కడ బిగుసుకుందో అక్కడ, ఒంటికి దూరంగా, పదును బయటివైపుకి పెట్టి కోయాలి.

నెల తిరక్కుండానే మళ్లీ అదే దారిన వెళ్లాం, ఈసారి బస్సులో. మా ఆడపడుచు తన చేత్తో చీర పెట్టి, కాళ్లకి దణ్ణం పెడుతుంటే జామకాయల ఆవిడ సిగ్గుపడిపోయింది. నేను సంచిలోంచి నా చెక్కపిడి చాకు తీసి చూపించాను, పరీక్ష పాసైన పిల్లలా. ఆవిడ తెరిచి, బొటనవేలి గోరు మీద పదును చూసింది. “బాగానే ఉండాదమ్మా” అంది. ఆవిడ చాకు చూపించమన్నాను. ఎన్నేళ్ల కిందటో తిరునాళ్లలో కొన్నదట. నూరి నూరి బ్లేడు సగానికి సగం అరిగి ఆకులా పల్చగా ఉంది. పిడికి గుడ్డపీలిక చుట్టింది. నా నాలుగు చాకుల్లో ఏదీ దానికి సాటి రాదనిపించింది.

“సాకేదైతే ఏందమ్మా, పదునుండాల, చేతికందాల” అంది.

ఇన్ని వారాలు తూచి, కోసి, కొలిచి నేను తేల్చుకున్నదీ ఆ రెండు మాటలే. ఖరీదు కాదు, హంగులు కాదు. పదునుండాలి, చేతికందాలి. బరువైతే నాలుగోనాడు ఇంట్లో వదిలేస్తాం, ఇంట్లో ఉన్న చాకు రోడ్డు మీద పనికిరాదు. అందుకే నా సంచి బయటి అరలో ఇప్పుడు చెక్కపిడిది ఉంటుంది. అడుక్కి పోకుండా ఆ అరలో ఇంకేమీ పెట్టను. నల్ల విలను మా వారి పనిముట్ల డబ్బాలోకి పోయింది. నాన్న చాకు బీరువాలో ఉంది. మామిడిపళ్ల కాలంలో బయటికి తీస్తాను, తొక్క తెగకుండా తీయడం మాత్రం నాకింకా రాలేదు.

చిన్న ఎర్రది మా అమ్మాయికిచ్చాను. ఇంజినీరింగు హాస్టల్లో ఉంటోంది. బయల్దేరే రోజున ఇస్తుంటే అత్తయ్యగారు కేకేశారు, “చేతికివ్వకే! కింద పెట్టు, అదే తీసుకుంటుంది.” కత్తి, కత్తెర చేతి నుంచి చేతికివ్వకూడదని మనవాళ్ల పట్టింపు కదా. ఇచ్చుకుంటే పోట్లాటలొస్తాయట. ఇచ్చేటప్పుడు చెయ్యి తెగకుండా ఎవరో పెద్దావిడ ఆలోచించి పెట్టిన నియమమే అయుంటుంది. బల్ల మీద పెట్టాను. మా అమ్మాయి తీసుకుని తాళాల గుత్తికి తగిలించుకుంది. “ఏం చేసుకోనమ్మా దీంతో?” అంది. “ఏమీ చేసుకోకు. ఊరికే నీ దగ్గరుంచుకో” అన్నాను. వారం తర్వాత ఫోను చేసి చెప్పింది, రూములో నలుగురమ్మాయిలూ పార్సిళ్లు తెరవడానికి దాన్నే అడుగుతున్నారట. ‘కిరాణా కొట్టు’ అని పేరు కూడా పెట్టారట!

ఈసారి ఊరికి బయల్దేరేముందు మీ సంచి ఒకసారి మంచం మీద దిమ్మరించి చూసుకోండి. పాత బిల్లులు, ఎండిపోయిన బామ్ సీసా తీసేస్తే ఒక చిన్న చాకుకి చోటు తప్పకుండా దొరుకుతుంది.